రొదలో వినబడి, ఇంట్లో వినబడకపోతే

మా అక్కకు సిటీ బస్సు రొదలో మాటలు బాగానే వినబడేవి, ఇంట్లో మెల్లగా మాట్లాడితే మాత్రం అందేవి కావు. ఓటోస్క్లెరోసిస్ అనే చెవి జబ్బులో ఇలా జరుగుతుంది. చెవి లోపల ఎముక అసహజంగా పెరిగి, బియ్యపు గింజకన్నా చిన్నగా ఉండే స్టేపిస్ అనే ఎముకను బిగించేస్తుంది. అది కదలకపోతే శబ్దం లోపలి చెవికి సరిగ్గా చేరదు.

గులిమి అనుకుని నూనె పోయకండి. హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికైనా వెళ్లి ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించండి. డాక్టర్ 512 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌ను మోగించి, ముందు చెవి వెనక ఎముకకు ఆనిస్తారు, తర్వాత చెవి దగ్గర పెడతారు. ఎముక మీదే గట్టిగా వినిపిస్తే ఆ మాట స్పష్టంగా చెప్పండి. ఇంట్లో ఇంకెవరికైనా చెముడు ఉంటే అదీ చెప్పాలి.

హియరింగ్ ఎయిడ్‌తో చాలామందికి పని జరుగుతుంది. ఆపరేషన్ అంటే మాత్రం, ఆ చెవి వినికిడి పూర్తిగా పోయే ముప్పు ఎంతో ముందే అడగండి.