చిత్తూరు జిల్లా జనాన్ని చుక్కల్లో చూపడం ఎలా?

చదరపు కిలోమీటరుకు 275 మంది. 2011 లెక్కల్లో ఉమ్మడి చిత్తూరు జిల్లా జనసాంద్రత ఇది. లెక్క తప్పు కాదు గానీ, తిరుపతి గాంధీ రోడ్డుకూ శేషాచలం అడవికీ కలిపి తీసిన సగటు కాబట్టి దీంతో ఏమీ తెలియదు. జనం నిజంగా ఎక్కడున్నారో చూడాలంటే చుక్కల పటం గీయాలి.

కావలసినవి: 2011 జిల్లా జనగణన పుస్తకం, 66 పాత మండలాల హద్దుల పటం, ఒక చార్టు, సన్నమొన బాల్‌పెన్ను. స్కెచ్ పెన్ను వద్దు, సిరా పాకి చుక్కలు ఒకదాన్నొకటి మింగేస్తాయి. 2022 ఏప్రిల్ తర్వాతి కొత్త జిల్లాల హద్దులు ఈ పనికి పనికిరావు. అప్పుడు తిరుపతి జిల్లాలో గూడూరు, సూళ్ళూరుపేట వైపు నెల్లూరు మండలాలు కలిశాయి, మొత్తం ఉమ్మడి జిల్లా లెక్కతో సరిపోదు.

సెంటీమీటరుకు 5 కిలోమీటర్ల చొప్పున గీస్తే జిల్లా చార్టులో పడుతుంది. చుక్కకు 5,000 మంది. 41,74,064 మందికి 835 చుక్కలు రావాలి. ఒక మండలానికి 8.4 వస్తే 8 పెట్టి, మిగిలిన 0.4ను పక్క మండలానికి కలపండి. వదిలేస్తూ పోతే చివర్లో పాతిక, ముప్పై చుక్కలు తగ్గుతాయి.

చుక్కలకంటే ముందు అడవిని పెన్సిల్‌తో నలుపు చేయండి. చాలామంది చేయని పని ఇదే. జిల్లాలో దాదాపు 30 శాతం అడవి. దాన్ని తీసేస్తే ఆ 275 కాస్తా 390 దాటుతుంది. తర్వాత మండలమంతా సమానంగా చల్లకుండా, ఊళ్ళ జాబితా చూసి, 5,000 నిండిన ఊళ్ళ గుంపు మధ్యన ఒక్కో చుక్క పెట్టండి. తిరుపతి నగరానికి 57 చుక్కలు, అన్నీ బొటనవేలి గోరంత చోట్లో. అక్కడ చెయ్యి వణికితే పటం పోయినట్టే.

తిరుమలకు వచ్చేది ఒకటో రెండో చుక్కలు, ఎందుకంటే అక్కడ కాపురముండేవాళ్ళు 7,741 మందే. రోజూ కొండెక్కే అరవై, డెబ్బై వేల మంది వాళ్ళ సొంత ఊళ్ళ లెక్కలో ఉంటారు. వాళ్ళ కోసం పన్నెండు నుంచి పద్నాలుగు ఖాళీ సున్నాలు విడిగా గీయండి. చుక్కల్లో మాత్రం కలపకండి.

ఇక చదవడం. పడమట తంబళ్ళపల్లె వైపు మెట్ట నేల, వాన తక్కువ. ఊళ్ళు చెరువుల కింద విడివిడిగా ఉంటాయి, చుక్కలూ అలాగే పలచగా పడతాయి. తూర్పున చంద్రగిరి, తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తి వరుసలో స్వర్ణముఖి వెంట చిక్కటి గీత కనిపిస్తుంది. ఈజిప్టు పటమూ ఇలాగే ఉంటుంది: దేశం దాదాపంతా ఎడారి, జనం మాత్రం నైలు నది వెంట. కానీ పోలిక అంతవరకే. నైలు పారుతుంది కాబట్టి అక్కడ జనం ఉన్నారు. స్వర్ణముఖిలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసకే. ఇక్కడ జనాన్ని పట్టి ఉంచింది గుడి, రేణిగుంట జంక్షను, రోడ్లు, కూలిపని. నీళ్ళే జనం దగ్గరికి వచ్చాయి. అందుకే నీళ్ళను చూపే నీలిరంగును ఏటితో ఆపకుండా, తిరుపతికి నీళ్ళిచ్చే కల్యాణి డ్యామును గుర్తించి, నెల్లూరు జిల్లా కండలేరు జలాశయం నుంచి వచ్చే తెలుగుగంగ నీళ్ళకు ఈశాన్యపు అంచునుంచి తిరుపతి దాకా ఒక బాణం గీయండి.