గంజాయి కాని మొక్కల్లో సీబీడీ: పోపులపెట్టె దగ్గర మొదలుపెట్టండి

గంజాయి మొక్కలో ఉండే, మత్తు కలిగించని పదార్థం కన్నాబిడియోల్, అంటే సీబీడీ. గంజాయి జోలికి పోకుండా దాన్ని ఇచ్చే మొక్క కోసం వెతికేవారు ముందుగా ఒక తేడా గ్రహించాలి. ఆ పదార్థాన్నే తయారుచేసే మొక్కలు వేరు, శరీరంలో గంజాయి పదార్థాలు తాకే గ్రాహకాలను (కణాల మీద ఉండి రసాయన సంకేతాలు అందుకునే ప్రొటీన్లను) మరో దారిలో తాకే మొక్కలు వేరు.

మొదటి రకం చాలా అరుదు. గంజాయి కుటుంబానికే చెందిన ట్రెమా మైక్రాంథా అనే చెట్టు పూలలో, కాయలలో సీబీడీ ఉందనీ, మత్తు కలిగించే టీహెచ్‌సీ లేదనీ బ్రెజిల్ శాస్త్రవేత్తలు 2023లో ప్రకటించారు. దాని చుట్టమైన ట్రెమా ఓరియంటాలిస్ మన దేశంలోనూ పెరుగుతుంది గానీ, ఆ బంధుత్వాన్ని నమ్ముకొని అడవికాయలు నమలడం తగదు.

రెండో రకానికి చక్కని ఉదాహరణ మిరియం. దాని ఘాటు పైపరిన్‌ది కాగా, సువాసననిచ్చే నూనెలో బీటా కార్యోఫిలీన్ అనే పదార్థం ఉంటుంది. ఇది లవంగంలోనూ, తులసిలోనూ ఉంది. శరీరంలోని సీబీ2 అనే గ్రాహకాన్ని ఇది నేరుగా అంటిపెట్టుకుంటుందని 2008లో తేలింది. మత్తుకు కారణమైన సీబీ1ను అది తాకదు కనుక ఎంత చారు తాగినా మత్తెక్కదు. విచిత్రమేమిటంటే, సీబీడీకి ఈ రెండు గ్రాహకాల మీదా పట్టు అంతంతమాత్రమే. కాబట్టి “మిరియాల సీబీడీ” అన్న మాట శాస్త్రరీత్యా తప్పు. ఆ పేరుతో సీసా అమ్మజూపితే కొనకుండా ఉండడమే మేలు.

విశాఖవాసులకు మంచి మిరియాలు దూరం కాదు. పాడేరు, చింతపల్లి కొండల్లో కాఫీతోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్ల మీదికి మిరియపు తీగలు పాకిస్తారు. కొన్న గింజల్లో కొన్నింటిని గ్లాసెడు నీళ్లలో వేసి చూడండి: ముదిరిన మిరియాలు అడుగుకు చేరతాయి, కల్తీకి కలిపే బొప్పాయి గింజలు తేలుతాయి. సముద్రపు తేమకు బూజు పట్టే ప్రమాదం ఉన్నందున వాటిని బాగా ఆరబెట్టి, బిగుతు మూత ఉన్న గాజుసీసాలో, పొయ్యికి దూరంగా ఉంచాలి. పొడి కొనడం దండగ. నలిగిన గింజలోని సుగంధ నూనె గాలికి ఆవిరవుతూ, ఆక్సీకరణం చెందుతూ తరిగిపోతుంది.

వాడే ముందే రోట్లో బరకగా దంచి, చారు దించే సమయంలో వేసి మూత పెట్టండి. బీటా కార్యోఫిలీన్ నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది; అందుచేత వేడి అన్నంలో మిరియాలపొడి, నెయ్యి కలుపుకోవడం రుచికే గాక రసాయనశాస్త్రానికీ నచ్చే పద్ధతి.

ప్రయోజనాల విషయంలో అతిగా ఆశపడరాదు. ఎలుకల మీద జరిగిన ప్రయోగాల్లో బీటా కార్యోఫిలీన్ వాపునూ నొప్పినీ తగ్గించింది గానీ, అక్కడ వాడింది శుద్ధిచేసిన పదార్థం, మన చారులో పడే చిటికెడు కాదు. సీబీడీకి మాత్రం గట్టి రుజువు ఉంది: డ్రావే, లెనాక్స్ గాస్టో అనే తీవ్ర మూర్ఛవ్యాధులకు సీబీడీ ఔషధాన్ని అమెరికా 2018లో ఆమోదించింది. అటువంటి మూర్ఛకు మిరియాలు ప్రత్యామ్నాయం కావు.

పైపెచ్చు పైపరిన్ కొన్ని మందుల మోతాదును రక్తంలో పెంచుతుంది. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ వాటిలో ఒకటి. కూరల్లో పడేంత మిరియానికి ఎవరూ బెదరనక్కరలేదు. మాత్రల రూపంలోని మిరియాల సారాన్ని మాత్రం వైద్యుణ్ణి అడిగాకే తీసుకోవాలి. లవంగనూనెను చిన్నపిల్లలకు తాగించరాదు, అందులోని యూజెనాల్ కాలేయాన్ని దెబ్బతీయగలదు.

ఆయుర్వేద దుకాణాల్లో “విజయ” అన్న పేరుతో దొరికేది గంజాయి మొక్క ఆకుతో చేసినదే కనుక, గంజాయి వద్దనుకునేవారు చీటీ మీద ఆ పేరు ఉందేమో చూసుకోవాలి. ఇక ఏజెన్సీ కొండల నుంచి దొంగచాటుగా దిగివచ్చే గంజాయిని కొనడం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద నేరం. వైద్యం కోసమన్న సాకు అక్కడ చెల్లదు.