ఫాల్‌అవుట్ మొదటి భాగం: కొత్తగా ఆడేవాళ్ళు ఎలా మొదలుపెట్టాలి

ఇంటర్‌ప్లే 1997లో విడుదల చేసిన కంప్యూటర్ ఆట ఫాల్‌అవుట్‌లో కథ 2161 డిసెంబరులో, అణుయుద్ధం తర్వాత మిగిలిన దక్షిణ కాలిఫోర్నియాలో మొదలవుతుంది. వాల్ట్ 13 అనే భూగర్భ ఆశ్రయంలో నీటిని శుద్ధి చేసే చిప్ పాడైపోయింది. 150 రోజుల్లోగా ఇంకో చిప్ వెతికి తెచ్చే బాధ్యత మీ మీద పడుతుంది. ఎటు వెళ్ళాలి, ఎవరితో మాట్లాడాలి, ఎవరిని చంపాలి, ఎవరిని వదిలేయాలి అన్నది పూర్తిగా మీ ఇష్టం.

కొత్తవాళ్ళు చాలామంది దీన్ని మధ్యలో వదిలేసేది యుద్ధాలు కష్టమై కాదు, పాత్రను సరిగ్గా తయారుచేసుకోకపోవడం వల్ల. ఊళ్ళో చేసిన పొరపాటును ఈ ఆట ఎలాగోలా సర్దుకోనిస్తుంది గానీ, మొదటి తెర మీద చేసిన పొరపాటును చివరిదాకా మోయిస్తుంది. అందుకే ఇక్కడ ఎక్కువ మాట ఆ తెర గురించే.

ముందు ఆటను నడిపించుకోవడం

ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణాలైన గాగ్‌లోనో స్టీమ్‌లోనో కొనుక్కుంటే చాలు. పాత సీడీ కాపీ ఇప్పటి విండోస్‌లో రంగులు చెదిరి కనిపించవచ్చు, దాంతో కుస్తీ పట్టకండి. రిజల్యూషన్ మార్చుకునేటప్పుడు నేరుగా 1920×1080 పెట్టకండి. ఆట అసలు కొలత 640×480 కాబట్టి మనుషులు చీమల్లా కనిపిస్తారు, నేల మీద పడిన వస్తువులు అసలే కనబడవు. అందులో సగం, అంటే 960×540 పెడితే బొమ్మ స్పష్టంగా ఉంటుంది, అక్షరాలూ చదవగలుగుతారు.

కంప్యూటర్ లేనివాళ్ళకు ఫాల్‌అవుట్ కమ్యూనిటీ ఎడిషన్ ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ నడుస్తుంది. అది ఆటను నడిపే ఇంజన్ మాత్రమే. మీరు కొన్న ఆటలోని మాస్టర్.డాట్, క్రిటర్.డాట్ ఫైళ్ళు, డేటా ఫోల్డరు అందులోకి కాపీ చేసుకోవాలి. ఒక వేలితో తడితే ఎడమ క్లిక్, రెండు వేళ్ళతో తడితే కుడి క్లిక్.

ఆట తెరవగానే ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్ళి సబ్‌టైటిల్స్, ఐటమ్ హైలైట్ ఆన్ చేయండి. కంబాట్ స్పీడ్ బాగా పెంచండి, లేకపోతే ఒక్కో ఎలుక అడుగు వేసేదాకా కూర్చోవాలి. యుద్ధాల కష్టాన్ని, మిగతా ఆట కష్టాన్ని విడివిడిగా మార్చుకోవచ్చు. మొదటిసారి రెండూ నార్మల్‌లో ఉంచితే చాలు.

పాత్ర తయారీ

తయారుగా ఉన్న మూడు పాత్రలు ఉంటాయి, వాటిని తీసుకోకండి. సొంతంగా చేసుకోండి.

ఏడు లక్షణాలు ఉంటాయి, ఒక్కోదానికి 5 వేసి ఉంటుంది, పైన 5 పాయింట్లు చేతికిస్తారు. వీటన్నిటిలో ఎజిలిటీది పెద్దపీట. మీ వంతు వచ్చినప్పుడు ఎన్ని పనులు చేయగలరో చెప్పే యాక్షన్ పాయింట్లు దాన్నిబట్టే వస్తాయి: ఎజిలిటీలో సగానికి 5 కలపాలి. ఎజిలిటీ 10 ఉంటే 10 పాయింట్లు, 6 ఉంటే 8. మొదట చేతిలో ఉండే 10 ఎంఎం పిస్టల్ ఒక్కసారి పేల్చడానికి 5 పడతాయి. అంటే ఎజిలిటీ 10 ఉన్నవాళ్ళు ఒక వంతులో రెండుసార్లు కాలుస్తారు, 9 ఉన్నవాళ్ళు ఒక్కసారే. ఈ ఒక్క పాయింటు తేడా ఆటంతా కనిపిస్తుంది.

తర్వాత ఇంటెలిజెన్స్. లెవెల్ పెరిగిన ప్రతిసారీ 5కు ఇంటెలిజెన్స్ రెట్టింపు కలిపితే ఎంతో, అన్ని స్కిల్ పాయింట్లు వస్తాయి. 4 కన్నా తగ్గితే మీ పాత్ర సరిగ్గా మాట్లాడలేదు, సగం కథ మూసుకుపోతుంది. అదొక రకం సరదా, రెండోసారికి దాచుకోండి. పర్సెప్షన్ దూరం నుంచి గురి కుదరడానికి, లక్ క్రిటికల్ (మామూలు కన్నా గట్టి) దెబ్బలకు. చరిష్మా తగ్గించినా పెద్ద నష్టం లేదు: ఎంతమంది తోడు రావచ్చన్నదానికి ఈ మొదటి భాగంలో దానితో సంబంధం లేదు, ఆ లెక్క రెండో భాగంలోనే వచ్చింది.

ట్రెయిట్స్‌లో (లాభమూ నష్టమూ రెండూ ఉండే స్వభావాలు) గిఫ్టెడ్ తీసుకోండి. అన్ని లక్షణాలూ ఒక్కోటి పెరుగుతాయి. బదులుగా స్కిల్స్ 10 శాతం తగ్గుతాయి, లెవెల్‌కు 5 స్కిల్ పాయింట్లు పోతాయి. మొదటి గంట కొంచెం ఇబ్బందిగా ఉన్నా మొత్తం మీద లాభమే. స్కిల్డ్ అనే ట్రెయిట్ పేరు చూసి మోసపోకండి. ప్రతి 3 లెవెల్స్‌కు రావాల్సిన పెర్క్ (అదనపు శక్తి) దానివల్ల 4 లెవెల్స్‌కు వస్తుంది. ఆటలో గరిష్ఠ లెవెల్ 21, కాబట్టి 7 పెర్కులు రావాల్సిన చోట 5 మాత్రమే మిగులుతాయి. ఫాస్ట్ షాట్ కూడా కొత్తవాళ్ళకు వద్దు, దానితో శరీర భాగాన్ని ఎంచుకుని కాల్చడం కుదరదు.

గిఫ్టెడ్‌తో లెక్క ఇలా వేసుకోవచ్చు: స్ట్రెంగ్త్ 5, పర్సెప్షన్ 8, ఎండ్యూరెన్స్ 5, చరిష్మా 4, ఇంటెలిజెన్స్ 8, ఎజిలిటీ 10, లక్ 7. మొత్తం 47, సరిగ్గా సరిపోతుంది.

ట్యాగ్ చేయడానికి, అంటే ముఖ్యమైనవిగా గుర్తు పెట్టడానికి, మూడు స్కిల్స్ అడుగుతుంది. స్మాల్ గన్స్, స్పీచ్, లాక్‌పిక్. ట్యాగ్ చేసినదానికి వెంటనే 20 శాతం కలుస్తుంది, ఆ తర్వాత పెట్టే ప్రతి పాయింటుకూ రెండింతలు పెరుగుతుంది. ఫస్ట్ ఎయిడ్, రిపేర్, సైన్స్, అవుట్‌డోర్స్‌మన్‌లను ట్యాగ్ చేయడం దండగ, ఎందుకంటే వాటిని పుస్తకాలు చదివి పెంచుకోవచ్చు. హబ్ ఊళ్ళో లైబ్రరీ నడిపే మిసెస్ స్టేపుల్టన్ ఆ పుస్తకాలు అమ్ముతుంది. బిగ్ గన్స్, ఎనర్జీ వెపన్స్ లాంటివి మొదట్లోనే ట్యాగ్ చేస్తే చాలాసేపు చేతిలో తుపాకీ ఉండదు, స్కిల్ మాత్రం ఉంటుంది.

గుహ దాటే లోపు

వాల్ట్ తలుపు బయట ఒక శవం పడి ఉంటుంది, వెతికి ఉన్నది తీసుకోండి. గుహలో ఎలుకలున్నాయి. తూటాలు విలువైనవి, వాటికి కత్తి చాలు.

వేళ్ళకు అలవాటు కావాల్సినవి కొన్ని. కుడి క్లిక్‌తో నడిచే గుర్తు, చేతి గుర్తు మారతాయి. ఏదైనా వస్తువు మీద ఎడమ బటన్ నొక్కి పట్టుకుంటే చిన్న మెనూ వస్తుంది, అందులో సంచి గుర్తు ఎంచుకుంటే మీ దగ్గరున్న వస్తువును దానిమీద వాడవచ్చు. ఇది తెలియక తాడు చేతిలో ఉండి కూడా లిఫ్టు గుంత దగ్గర ఆగిపోయేవాళ్ళు చాలామంది. ఎ నొక్కితే యుద్ధం మొదలు, స్పేస్ మీ వంతు ముగింపు, ఎంటర్ యుద్ధం ముగింపు. యుద్ధం మధ్యలో సంచి తెరిస్తే 4 యాక్షన్ పాయింట్లు పోతాయి. కానీ తెరిచాక గాయాలు మాన్పే స్టిమ్‌ప్యాక్‌లు ఎన్ని వాడినా అదనపు ఖర్చు లేదు, కాబట్టి ఒకేసారి కానిచ్చేయండి.

సేవ్ చేసుకోవడానికి 10 చోట్లే ఉంటాయి. యుద్ధం మధ్యలో సేవ్ చేస్తే దానిమీద మాత్రమే ఆధారపడకండి. చావు ఖాయమైన వంతులో సేవ్ అయితే ఇక దారి లేదు. ఊరు మారేముందు కొత్త చోట సేవ్ చేయండి, దారిలో దొంగలు ఎదురవుతారు. వాళ్ళతో తలపడలేమనిపిస్తే మ్యాప్ అంచుదాకా పరిగెత్తి బయటపడవచ్చు.

షేడీ శాండ్స్

పటంలో మీకు వాల్ట్ 15 అనే ఇంకో ఆశ్రయాన్ని గుర్తు పెట్టి ఇస్తారు. తిన్నగా అక్కడికి వెళ్ళకండి. తూర్పుగా వెళ్తుంటే దారిలోనే షేడీ శాండ్స్ అనే పల్లె తగులుతుంది, అక్కడ ఆగండి. ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు చేతిలో ఆయుధం ఉండకూడదు. రెండు చేతి గడుల్లో ఒకదానిలో తుపాకీ, ఇంకోదాన్ని ఖాళీగా ఉంచి, బి నొక్కి మార్చుకోండి. ఈ అలవాటు ప్రతి ఊళ్ళోనూ ప్రాణం కాపాడుతుంది.

ఇక్కడ అందరితో మాట్లాడండి. గేటు దగ్గర కాట్రీనా ఓపికగా అన్నీ చెబుతుంది. ఇయాన్ 100 క్యాప్స్‌కు (ఆటలో డబ్బు) మీ వెంట వస్తాడు, స్పీచ్ బాగుంటే డబ్బు లేకుండానే ఒప్పించవచ్చు. అతనికి సబ్‌మెషిన్ గన్ మాత్రం ఇవ్వకండి. గుళ్ళ వాన కురిపిస్తాడు, మీరు ముందుంటే మీ వీపు మీదే పడతాయి. తోడువాళ్ళను పక్కకు తోసే వీలు ఈ భాగంలో లేదు, ఇరుకు గదుల్లో వాళ్ళు దారికి అడ్డం నిలబడిపోతారు. అలాంటి చోట మీరే చివర వెళ్ళండి. వాళ్ళ దగ్గరి వస్తువులు తిరిగి తీసుకోవాలంటే బార్టర్ (వస్తుమార్పిడి) తెర మీదుగానో, దొంగిలించో.

ఊరికి రాడ్‌స్కార్పియన్లనే పెద్ద తేళ్ళ బెడద ఉంది. సేత్‌తో మాట్లాడితే గుహకు తీసుకెళ్తాడు. వాటి విషం ఎక్కుతుంది కాబట్టి ఒకదాన్ని చంపి తోక తెచ్చి వైద్యుడు రాజ్లోకు ఇవ్వండి, విరుగుడు తయారుచేస్తాడు. కళ్ళకు గురిపెట్టి కాల్చడం ఇక్కడే నేర్చుకోండి. దానికి ఒక యాక్షన్ పాయింటు అదనం, తగిలే అవకాశం తక్కువ, కానీ తగిలితే దెబ్బ గట్టిగా పడుతుంది. అవకాశం 50 శాతం దాటేదాకా మామూలుగానే కాల్చండి. వచ్చే లెవెల్స్‌లో పాయింట్లన్నీ ముందు స్మాల్ గన్స్‌లో పోయండి. 3వ లెవెల్ పెర్క్‌గా అవేర్‌నెస్ తీసుకుంటే ఎదుటివాళ్ళ ప్రాణం ఎంత మిగిలిందో, చేతిలో ఏముందో తెలుస్తుంది. 9వ లెవెల్‌లో బోనస్ రేట్ ఆఫ్ ఫైర్ తప్పకుండా తీసుకోండి. గురిపెట్టి కాల్చడం 6 నుంచి 5కు తగ్గుతుంది, ఎజిలిటీ 10 ఉంటే వంతుకు రెండుసార్లు కళ్ళలో కొట్టవచ్చు.

ఊరు వదిలేముందు ఇళ్ళలోని బీరువాలు వెతికి తాడు సంపాదించండి. అది లేకుండా వాల్ట్ 15లో కిందికి దిగలేరు.

రోజుల లెక్క

150 రోజులు అనగానే కంగారుపడి పరిగెత్తక్కర్లేదు. ఎన్ని మిగిలాయో చేతికి కట్టుకునే పిప్‌బాయ్ పరికరంలో ఎప్పుడైనా చూసుకోవచ్చు. రోజులను తినేది ఊళ్ళ మధ్య ప్రయాణమూ, గాయాలు మానేదాకా పడుకోవడమూ. ఊళ్ళో ఎంతసేపు మాట్లాడినా నష్టం లేదు. వాల్ట్ 15లో చిప్ దొరకదు, కానీ ఆయుధాలు దొరుకుతాయి. అక్కడినుంచి దక్షిణంగా జంక్‌టౌన్, ఇంకా కిందికి హబ్. జంక్‌టౌన్‌లో మాంసం ముక్క పెడితే డాగ్‌మీట్ అనే కుక్క మీ వెంట వస్తుంది. చేతికొచ్చిన మొదటి డబ్బు తుపాకీకి కాదు, ఒంటిమీది కవచానికి పెట్టండి.

చిప్ జాడ తెలిసేది హబ్‌లో, నీళ్ళ వ్యాపారుల దగ్గర. వాళ్ళకు 2000 క్యాప్స్ ఇస్తే వాల్ట్ 13కు నీళ్ళు పంపుతారు, గడువు 100 రోజులు పెరుగుతుంది. కానీ ఆ బళ్ళ రాకపోకల వల్ల వాల్ట్ ఎక్కడుందో శత్రువులకు త్వరగా తెలుస్తుంది. ప్యాచ్ (తర్వాత వచ్చిన సవరణ) వెయ్యని మొదటి కాపీల్లో 500 రోజులకు శత్రువులు వాల్ట్‌ను కనిపెట్టేవాళ్ళు, 1.1 ప్యాచ్ దాన్ని 13 ఏళ్ళు చేసింది. చిప్ గడువు మాత్రం ఏ కాపీలోనైనా అదే. పిప్‌బాయ్‌లో 30 రోజుల కన్నా ఎక్కువ కనిపిస్తుంటే ఆ 2000 క్యాప్స్ దాచుకుని, తూర్పున ఉన్న నెక్రొపోలిస్ అనే ఊరికి బయల్దేరండి.