డయల్ క్యాలిపర్, 3వ పాఠం: ముల్లు సున్నా దగ్గర ఉన్నప్పుడు

పోయిన రెండు పాఠాల్లో వెర్నియర్ గీతలతో కుస్తీ పట్టాం కదా, ఏ గీత ఏ గీతతో కలిసిందా అని కళ్లు చికిలించుకుని వెతకడం. డయల్ క్యాలిపర్‌లో, అంటే ముక్కను దవడల మధ్య పట్టి గడియారంలాంటి డయల్ మీద కొలత చదివే పనిముట్టులో, ఆ బాధ లేదు. స్కేలు పొడవునా సన్నటి పళ్ల పట్టీ ఉంటుంది, దాన్నే ర్యాక్ అంటారు. స్లైడర్ జరిగేకొద్దీ డయల్ లోపలి చిన్న పళ్లచక్రం ఆ పట్టీ మీద దొర్లుతూ ముల్లును తిప్పుతుంది, అంతే. పది నిమిషాల్లో చదవడం వచ్చేస్తుంది. తప్పు చదవడం కూడా అంతే సులువు, అందుకే ఈ పాఠంలో ఎక్కువ భాగం ఆ తప్పు గురించే.

ముందు మీ డయల్ మీద ఏముందో చూడండి. 0.01 మి.మీ. అని ఉండి చుట్టూ వంద గీతలుంటే, ముల్లు ఒక చుట్టు తిరిగితే 1 మి.మీ. అన్నమాట. 0.02 అని ఉండి చుట్టుకి 2 మి.మీ. నడిచేవీ ఉన్నాయి, పక్కవాడి దగ్గర అడిగి తెచ్చుకున్నప్పుడు ఇది మరీ చూసుకోవాలి. మనం 0.01 రకమే తీసుకుందాం. నోట్లు స్కేలు మీద, చిల్లర డయల్ మీద అనుకోండి. స్లైడర్ అంచు 18 గీత దాటింది, 19 ఇంకా రాలేదు, ముల్లు 46 మీద ఉంది. కొలత 18.46 మి.మీ.

ఇప్పుడు అసలు సంగతి. ముల్లు 98 మీద ఆగింది, స్కేలు చూస్తే అంచు సరిగ్గా 25 గీత మీదే ఉన్నట్టుంది. చేతులు ఆగకుండా 25.98 అని రాసేస్తాం. కానీ అది 24.98. ముల్లు 98లో ఉందంటే ఆ చుట్టు ఇంకా పూర్తి కాలేదు, మరో రెండు చిన్న గీతలు తిరిగితేగానీ 25 నిండదు, ఆ 0.02 మి.మీ. తేడా స్కేలు మీద ఎంత మంచి కంటికీ ఆనదు. నిజంగా 25.98 అయితే అంచు 26 పక్కన ఉండాలి కదా. అందుకే ముల్లు ముందు చూసి, తర్వాత స్కేలు చూడండి. ముల్లు తొంభైల్లో ఉంటే అంచు తాకినట్టున్న గీతను లెక్కేయకండి, దానికంటే ఒకటి తక్కువున్న గీత తీసుకోండి. సున్నా దాటి రెండు మూడు దగ్గర ఉంటే ఆ గీతే లెక్క.

బెంగళూరు పీణ్యలో నేను లేత్ మీద చేరిన మొదటి ఏడాది, నైట్ షిఫ్ట్ చివర్లో, సరిగ్గా ఈ తప్పే చేశాను. 25 షాఫ్ట్‌ని 25.98 అని చదివి, ఇంకా దాదాపు మిల్లీమీటరు మెటల్ ఉందనుకుని మరో కట్ వేశాను. షాఫ్ట్ పోయింది. మా మేస్త్రీది హిందూపురం, ఆయన తిట్టలేదు, జేబులోంచి ఉక్కు స్కేలు తీసి షాఫ్ట్‌కి అడ్డంగా పెట్టి "ముందు దీంతో ఒకసారి చూసుకోరా, ఇరవై ఐదో ఇరవై ఆరో ఇదే చెబుతుంది" అన్నాడు. ఇప్పటికీ కట్ వేసే ముందు నేను అలాగే చూసుకుంటాను, మీరూ చూసుకోండి.

సున్నా గురించి. దవడలు మూస్తే ముల్లు సున్నా మీద లేదనుకోండి, వెంటనే బెజెల్ (డయల్ చుట్టూ ఉండే తిరిగే రింగు) తిప్పకండి. దవడల మధ్య శుభ్రమైన తెల్ల కాగితం పెట్టి మెల్లగా మూసి లాగేయండి, దాని మీద నల్లటి గీత కనబడితే ఇప్పటిదాకా ఆ మురికిని కూడా కలిపి కొలుస్తున్నారన్నమాట. మళ్లీ మూసి వెలుతురుకి పెట్టి చూడండి, సందులోంచి వెలుగు రాకూడదు. అప్పుడు కూడా ముల్లు ఒకటి రెండు గీతలు పక్కన ఉంటేనే బెజెల్ తిప్పి లాక్ చేయండి. ఉన్నట్టుండి చాలా గీతలు జరిగిపోయి ఉంటే మాత్రం ర్యాక్‌లో ఇనుప రజను ఇరుక్కుని చక్రం ఒక పన్ను ఎగిరి ఉంటుంది, ముందు మెత్తని బ్రష్‌తో ర్యాక్ శుభ్రం చేసి, ముల్లు మొదటి నుంచి చివరి దాకా ఎక్కడా గెంతకుండా నడుస్తోందో లేదో చూడాలి.

మెషిన్ మీద తిరుగుతున్న జాబ్‌ని, అంటే పని చేస్తున్న ముక్కని, ఎప్పుడూ కొలవకండి, దవడలు అరిగిపోతాయి, చేతికీ ప్రమాదం. మెషిన్ మీంచి అప్పుడే తీసిన వేడి అల్యూమినియం కూడా వద్దు. క్యాలిపర్ కంటే 30 డిగ్రీలు వేడిగా ఉన్న 100 మి.మీ. ముక్క దాదాపు 0.07 మి.మీ. ఎక్కువ చూపిస్తుంది, ఆరాక చూస్తే సైజు తగ్గిపోయి ఉంటుంది.

ఇక బొటనవేలు. దీన్ని రాసి నేర్పడం కష్టం, అయినా చెప్తాను. కొత్త 6205 నంబరు బేరింగ్ ఒకటి సంపాదించండి, దాని బయటి వ్యాసం 52 మి.మీ., మామూలు ఖచ్చితత్వపు క్లాసులో 51.987 కంటే తగ్గదు, కాబట్టి మన చేతికి పరీక్ష పెట్టడానికి ఇంతకంటే చవకైనది దొరకదు. వెడల్పు 15 మీద మాత్రం ఈ పరీక్ష పెట్టకండి, అది 14.88 దాకా ఉండొచ్చు. నూనె తుడిచి, బేరింగ్‌ని స్కేలుకి వీలైనంత దగ్గరగా దవడల్లో పెట్టి, స్లైడర్ మీది చిన్న రోలర్‌ని బొటనవేలితో తాకీ తాకనట్టు నెట్టి చదవండి. ఇప్పుడు దవడల కొసలతో పట్టి గట్టిగా నొక్కండి, ముల్లు వెనక్కి జారడం మీకే కనిపిస్తుంది. బేరింగ్ చిన్నదవలేదు, స్లైడర్ కొద్దిగా వాలింది. ఆ జారుడు మొదలయ్యే ముందు చోటే మీ వేలు ఆగాలి.

0.01 గీత ఉంది కదా అని క్యాలిపర్‌ని 0.01 దాకా నమ్మకూడదు, మంచిదైనా 0.02, 0.03 తేడా సహజం. షాఫ్ట్ మీద బేరింగ్ కూర్చునే చోటుకి మైక్రోమీటరే వాడాలి.

ఆ 52ని పదిసార్లు, ప్రతిసారీ బేరింగ్ కింద పెట్టి మళ్లీ తీసి, పాత అంకె చూడకుండా కొలిచి రాయండి. అన్నీ 51.97కీ 52.02కీ మధ్య పడేదాకా రోజూ పది నిమిషాలు చేయండి. నాలుగో పాఠంలో ఇదే బేరింగ్ లోపలి 25 రంధ్రాన్ని పై దవడలతో కొలుద్దాం, అక్కడ అంకె అసలు కంటే కొంచెం తక్కువే ఎందుకు వస్తుందో చూద్దాం, కాబట్టి బేరింగ్ పారేయకండి.