అరకు ఎక్కే ముందు ఛార్జ్ లెక్క
ఎలక్ట్రిక్ కారులో, ఛార్జ్ ఇంకా ఎంత దూరం వస్తుందో డాష్‌బోర్డు చూపించే కిలోమీటర్లను నేను నమ్మను. ట్రిప్ మీటర్ జీరో చేసి, విశాఖ మద్దిలపాలెం నుంచి భీమిలికి మీరు రోజూ నడిపేలాగే వెళ్లిరండి. కిలోమీటరుకు 130 వాట్ అవర్లు ఖర్చయిందనుకోండి, 30 యూనిట్ల (యూనిట్ అంటే 1000 వాట్ అవర్లు) బ్యాటరీకి 230 కిలోమీటర్లు. అందులో ఐదో వంతు లేదనుకోండి.

అరకుకి ఈ లెక్క చాలదు. ఒకటిన్నర టన్నుల కారును 900 మీటర్ల ఎత్తుకు చేర్చడానికే దాదాపు 4 యూనిట్లు అదనం. శృంగవరపుకోట దాటాక ఘాట్‌లో ఛార్జ్ గబగబా పడిపోతుంటే టెన్షన్ వద్దు. దిగేటప్పుడు రీజెన్, అంటే వేగం తగ్గించేటప్పుడు మోటారే కరెంటు తయారుచేసి బ్యాటరీకి పంపడం, కొంత తిరిగిస్తుంది, మొత్తం కాదు. పైన మాత్రం ఫుల్ ఛార్జ్ చేయకండి, 80 శాతం దగ్గర ఆపేయండి. రీజెన్ కరెంటు వెళ్లడానికి బ్యాటరీలో చోటుండాలిగా!

ఏసీ ఆపమని చెప్పను, మన ఉక్కపోత తెలిసిందే. హైవే మీద వేగం 100 నుంచి 80కి తగ్గించండి, సాధారణంగా ఏసీ ఆపితే మిగిలే ఛార్జ్ కన్నా ఎక్కువే మిగులుతుంది. టైర్లలో గాలి బయల్దేరే ముందే చూసుకోండి.