విల్లీస్ నమూనా పాత జీపులో పట్టేసిన వెనక హబ్బు, ప్రొపెల్లర్ షాఫ్టు విప్పే పద్ధతి

1940ల చివర్లో బొంబాయిలో విల్లీస్ జీపులు కూర్చడం మొదలుపెట్టిన మహీంద్రా సంస్థ, ఆ తరువాత కొన్ని దశాబ్దాల పాటు అదే నిర్మాణానికి చిన్న చిన్న మార్పులు చేస్తూ బళ్లు తయారు చేసింది. అందువల్ల మన్యం ఘాట్ రోడ్ల మీద, దమ్ము చేసిన పొలాల గట్ల మీద, సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఇప్పటికీ తిరుగుతున్న పాత ఫోర్ వీల్ జీపుల అడుగుభాగం చాలావరకు విల్లీస్ పోలికలోనే ఉంటుంది. ఇవి మొండి బళ్లు. ఇంజను ఎంత పాతబడినా మళ్లీ నిలబెట్టవచ్చు. అయితే ఏళ్ల తరబడి ఎవరూ విప్పని వెనక హబ్బు (చక్రాన్ని బిగించే మధ్య భాగం), ఇంజను బలాన్ని యాక్సిలుకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు (దాని కీళ్లు) మాత్రం తుప్పుతో ఏకమైపోయి, తొందరపడిన చేతుల్లో విరిగిపోతాయి. లాగే బలం తప్పు చోట పడడమే అందుకు ప్రధాన కారణం కనుక, ఏ భాగం దేనివల్ల పట్టేసిందో పానా పట్టుకోక ముందే తేల్చుకోవాలి.

అసలు తుప్పేనా?

ఫోర్ వీల్ లివరు వెనక్కి రాకపోతే ట్రాన్స్‌ఫర్ కేసు (బలాన్ని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే గేర్ల పెట్టె) పట్టేసిందని భావించి దానిని దించేవారు ఉన్నారు. చాలాసార్లు ఆ అవసరమే ఉండదు. ఈ జీపుల్లో ముందు యాక్సిలుకూ వెనక యాక్సిలుకూ మధ్య డిఫరెన్షియల్ (రెండూ వేరువేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల అమరిక) లేదు కాబట్టి, గట్టి తారు రోడ్డు మీద ఫోర్ వీల్‌లో మలుపులు తిప్పినా, ముందు టైర్లూ వెనక టైర్లూ వేరువేరుగా అరిగి ఉన్నా, రెండు ప్రొపెల్లర్ షాఫ్టులూ ఒకదానికొకటి ఎదురుగా మెలిపడి బిగుస్తాయి. ఆ మెలి ఉన్నంతసేపు లివరూ కదలదు, షాఫ్టు బోల్టులూ సులభంగా రావు. బండిని మెత్తటి నేల మీద తిన్నగా కొన్ని మీటర్లు వెనక్కి నడిపితే సాధారణంగా మెలి విడిపోతుంది. నడిచే స్థితిలో లేని బండికి ఒక ముందు చక్రాన్ని జాకీతో లేపాలి. చక్రం నేల విడిచిన క్షణంలో ఒక్కసారిగా తిరగవచ్చు కనుక చేతులు, బట్టలు దానికి దూరంగా ఉండాలి.

పనికి ముందు

ఈ బళ్లలో చాలావాటికి హ్యాండ్ బ్రేక్ చక్రాల దగ్గర ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఉన్న చిన్న డ్రమ్ము ద్వారా ప్రొపెల్లర్ షాఫ్టును పట్టి ఉంచుతుంది. కాబట్టి ఒక వెనక చక్రం గాలిలోకి లేస్తే డిఫరెన్షియల్ కారణంగా రెండో చక్రం కూడా స్వేచ్ఛగా తిరుగుతుంది, షాఫ్టు విప్పేస్తే హ్యాండ్ బ్రేక్ ఉన్నా లేనట్టే. ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మలు పెట్టి, బండిని స్టాండ్ల మీద నిలిపిన తరువాతే కిందికి వెళ్లాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు స్టాండ్లకు ప్రత్యామ్నాయం కావు. అవి బరువు కింద హెచ్చరిక లేకుండా పగులుతాయి.

పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉన్నందున డ్రమ్ములోని దుమ్మును గాలి పైపుతో ఊదకూడదు. నీటితో తడిపి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయాలి.

పానాల విషయంలో ఒక మాట. ఈ బళ్ల బోల్టులు చాలావరకు అంగుళాల కొలతవి. అర అంగుళం తల అంటే 12.7 మిల్లీమీటర్లు, దానికి 13 నంబరు పానా వేస్తే 0.3 మిల్లీమీటర్ల వదులు ఉంటుంది. మామూలు బోల్టుకు ఆ వదులు పట్టించుకోనవసరం లేదు గాని, తుప్పు పట్టిన బోల్టు తల ఆ వదులులోనే గుండ్రంగా అరిగిపోతుంది. అంగుళాల సైజులో ఆరు మూలల సాకెట్లు కొనుక్కోవడం ఈ పనిలో అన్నిటికన్నా లాభసాటి ఖర్చు.

చక్రాల నట్ల దగ్గరే చాలామంది స్టడ్లు విరగ్గొట్టుకుంటారు. విల్లీస్ పద్ధతిలో చేసిన పాత బళ్లకు, డ్రైవరు దిశ నుంచి చూస్తే ఎడమవైపు చక్రాల స్టడ్లకు ఎడమ మర ఉంటుంది. అంటే మామూలుగా బిగించే వైపు తిప్పితేనే అవి వదులవుతాయి. స్టడ్డు కొనను బ్రష్షుతో శుభ్రం చేసి చూస్తే కొన్నిటి మీద ‘ఎల్’ అక్షరం కనిపిస్తుంది. కొన్ని బళ్లకు తరువాతి కాలంలో స్టడ్లు మార్చి ఉంటారు కనుక, అక్షరం కనబడకపోతే మర ఏ వాటంగా ఉందో కంటితో చూసి నిర్ధారించుకోవాలి.

టేపరు మీద పట్టేసిన వెనక హబ్బు

చక్రం నడిమధ్య ఉన్న టోపీ తీసి చూడాలి. లోపల స్ప్లిట్ పిన్ను గుచ్చిన పెద్ద కాసిల్ నట్టు కనిపిస్తే అది టేపరు షాఫ్టు, అంటే కొన వైపు సన్నబడుతూ పోయేది. చుట్టూ బోల్టులతో ఒక పళ్లెం లాంటి ఫ్లాంజి కనిపిస్తే అది వేరే రకం, దానిని విప్పడం చాలా తేలిక.

టేపరు షాఫ్టు మీద హబ్బు నిలబడేది రాపిడి బలంతో. గొడ్డలి కామకు కొట్టిన చీలిక లాగా, నట్టు బిగించిన కొద్దీ హబ్బు షాఫ్టును మరింత గట్టిగా పట్టుకుంటుంది. నట్టు తీసేసినా ఆ పట్టు వదలదు. దానికి ఏళ్ల తుప్పు తోడైతే మామూలు మూడు కాళ్ల పుల్లరుకు (లాగి తీసే పనిముట్టు) లొంగదు. మూడు కాళ్ల పుల్లరు డ్రమ్ము అంచును పట్టి లాగుతుంది, డ్రమ్ము పోత ఇనుము, అంచు పెళుసుగా విరుగుతుంది. లాగే బలం చక్రం స్టడ్ల మీదే పడాలి. అందుకు స్టడ్లకు బిగించే హబ్ పుల్లరు కావాలి. ఈ జీపులకు ఐదు స్టడ్లు 5.5 అంగుళాల వ్యాసం గల వృత్తంలో ఉంటాయి. పుల్లరు దొరకని చోట మందపాటి ఉక్కు పలకకు ఆ కొలతలో ఐదు రంధ్రాలు, మధ్యలో సన్నని మర గల బలమైన స్క్రూ పెట్టించి విజయవాడ ఆటోనగర్ లాంటి చోట లేత్ షాపులో చేయించుకోవచ్చు. మూడు స్టడ్లకు తక్కువగా మాత్రం ఎప్పుడూ బిగించరాదు.

చక్రం నేల మీద ఉండగానే స్ప్లిట్ పిన్ను తీసి నట్టు సడలించాలి. పిన్ను లోపలే విరిగితే సన్నని డ్రిల్లుతో దానిని తొలిచేయాలి. ఒకరు బ్రేకు తొక్కి ఉంచగా మరొకరు పొడవైన పైపు తగిలించిన పానాతో నట్టును నిదానంగా తిప్పాలి. నట్టు వదులయ్యాక బండిని లేపి, చక్రం తీసి, వెనక పలక మీద ఉన్న అడ్జస్టర్లు తిప్పి బ్రేకు షూలను లోపలికి తేవాలి. అరిగిన డ్రమ్ములో అంచు దగ్గర గట్టు ఏర్పడి షూలు దానికి తగులుకుంటాయి. అది చూడక హబ్బు రావడం లేదని బలం పెంచితే షూల స్ప్రింగులు, పిన్నులు తెగుతాయి.

ఇక నట్టును పూర్తిగా తీసి, తిరగేసి, దాని చదును వైపు షాఫ్టు కొనతో సమంగా వచ్చేదాకా మళ్లీ ఎక్కించాలి. ఇది రెండు విధాల కాపాడుతుంది. పుల్లరు స్క్రూ ఒత్తిడికి షాఫ్టు మర చితికిపోదు. టేపరు వదిలినప్పుడు హబ్బు బయటికి ఎగిరిపడదు. ఆ వదిలే క్షణంలో తుపాకీ పేలినంత చప్పుడు వస్తుంది, ఎన్నో కిలోల బరువు ముందుకు దూకుతుంది. నట్టు లేకుండా పుల్లరు బిగించిన చోట ఎదురుగా ఎవరూ నిలబడకూడదు.

కీ గాడి (హబ్బు, షాఫ్టు కలిసి తిరిగేలా పెట్టే చిన్న ఉక్కు ముక్క కూర్చునే గాడి) దగ్గర తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలేయడం మంచిది, ఎందుకంటే నూనె టేపరులోకి చేరడానికి ఆ గాడే దారి. షూల మీద పడకుండా కొద్దికొద్దిగా పోయాలి. మర్నాడు పుల్లరు స్క్రూకు గ్రీజు రాసి, చేతికి గట్టిగా ఆనే వరకు బిగించి, ఆపాలి. ఇక్కడ ఓర్పు అవసరం: ఒత్తిడిలో ఉంచిన హబ్బు అరగంటకో, గంటకో దానంతటదే వదిలిన సందర్భాలు ఈ పని చేసేవారందరికీ తెలుసు. వదలకపోతే ఒత్తిడి ఉండగానే హబ్బు బొడ్డు చుట్టూ ఒక పక్క బరువైన సుత్తిని ఆనించి, సరిగ్గా ఎదురు పక్క మరో సుత్తితో కొట్టాలి. ఆ అదురుకు బొడ్డు సూక్ష్మంగా సాగి టేపరు పట్టు సడలుతుంది. షాఫ్టు కొన మీద పదేపదే కొట్టడం మాత్రం మానాలి. ఆ దెబ్బ షాఫ్టు గుండా డిఫరెన్షియల్ మధ్యలోని దిమ్మకు, అక్కడి నుంచి అవతలి షాఫ్టు బేరింగుకు చేరుతుంది. ఆ నష్టం ఆరోజు బయటపడదు. కొన్నాళ్లకు బేరింగు మోతగా బయటపడుతుంది.

అప్పటికీ రాకపోతే వేడి. ఉక్కు ప్రతి 100 డిగ్రీల సెల్సియస్‌కు మీటరుకు సుమారు 1.2 మిల్లీమీటర్లు వ్యాకోచిస్తుంది. అంటే 40 మిల్లీమీటర్ల రంధ్రం 0.05 మిల్లీమీటర్ల మేర పెద్దదవుతుంది. చూడడానికి తక్కువే అయినా టేపరుకు అది చాలు. అయితే వేడెక్కవలసింది హబ్బు బొడ్డు మాత్రమే. గ్యాసు మంటను బొడ్డు చుట్టూ తిప్పుతూ త్వరగా వేడి చేసి, ఆ వేడి షాఫ్టుకు పాకక ముందే స్క్రూ బిగించాలి; నిదానంగా చేస్తే రెండూ కలిసి పెరిగి లాభం పోతుంది. లోహం నీలిరంగు తిరిగేంత వేడి అక్కర్లేదు. వెనకనున్న రబ్బరు ఆయిల్ సీలు ఎలాగూ పాడవుతుంది కనుక కొత్త సీలు ముందే తెచ్చుకోవాలి. మంట పెట్టేముందు పోసిన నూనెను పూర్తిగా తుడిచి, ఇసుక బకెట్టు దగ్గర పెట్టుకోవాలి. క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనరు తడి ఉన్న చోట మంట పెడితే ఫాస్జీన్ అనే ప్రాణాంతక వాయువు పుడుతుంది. కాబట్టి ఆ క్లీనరును ఈ పనికి దగ్గరికే రానివ్వకూడదు. వేడెక్కిన హబ్బు మీద నీళ్లు పోయడమూ ప్రమాదమే, పగుళ్లు వస్తాయి.

నట్టు కొంచెం వదులు చేసి, పిన్ను పెట్టి, ఖాళీ స్థలంలో బండిని ఎనిమిది అంకె ఆకారంలో తిప్పితే హబ్బు వదులుతుందని కొందరు సలహా ఇస్తారు. అది పనిచేసిన సందర్భాలున్నా నేను దానిని సమర్థించలేను. ఆ చక్రాన్ని షాఫ్టు మీద ఆపేది ఆ ఒక్క నట్టే. పైగా పట్టు వదిలిన మరుక్షణం భారమంతా చిన్న కీ మీద పడి, కీ గాడి పగులుతుంది. పుల్లరు అద్దె కన్నా కొత్త షాఫ్టు ఖరీదు ఎన్నో రెట్లు.

హబ్బు వచ్చాక బ్రేకు పలక కూడా విప్పవలసి వస్తే, దాని వెనక ఉండే పలుచని షిమ్ములను పోగొట్టకూడదు, వైపులు మార్చకూడదు. షాఫ్టు అటూ ఇటూ ఎంత కదలాలో నిర్ణయించేవి అవే.

ప్రొపెల్లర్ షాఫ్టు, క్రాసులు

విప్పే ముందు షాఫ్టు రెండు ముక్కల మీదా, డిఫరెన్షియల్ యోకు (క్రాసును పట్టే చెవులున్న కొస) మీదా ఉలితో గుర్తులు పెట్టాలి. జారే స్ప్లైను (షాఫ్టు రెండు ముక్కలు కలిసే పళ్ల జాయింటు) ఒక పన్ను తప్పి ఎక్కినా రెండు చివరల యోకులు ఒకే తలంలో ఉండవు, బండి అదురుతుంది. పెయింటు గుర్తు నూనెకు చెరిగిపోతుంది.

పట్టేసిన స్ప్లైనును లాగే ప్రయత్నం చేయకుండా, ముందు దుమ్ము మూత విప్పి, షాఫ్టును నిలువుగా ఆనించి నూనె నానబెట్టి, బయటి యోకును మాత్రం వేడి చేసి తిప్పుతూ లాగాలి.

క్రాసు కప్పుల దగ్గర ముందు సర్‌క్లిప్పులు (కప్పులను ఆపే స్ప్రింగు రింగులు) తీయాలి; మట్టి కింద దాగిన ఒక్క క్లిప్పు మిగిలినా యోకు చెవి వంగుతుంది. కప్పు కన్నా చిన్న సాకెట్టు ఒకవైపు, కప్పు పట్టేంత పెద్ద సాకెట్టు మరోవైపు పెట్టి బెంచి వైసులో నొక్కితే కప్పు నెమ్మదిగా పెద్ద సాకెట్టులోకి వస్తుంది. మొదట చిటపటమని తుప్పు పొడి రాలుతుంది, తరువాత కప్పు కదలిక చేతికి తెలుస్తుంది. యోకు చెవుల మీద సుత్తితో కొడితే కొత్త క్రాసు వంకరగా కూర్చుని త్వరగా అరుగుతుంది.

బోల్టు విరిగితే

బయట కొంచెం మిగిలిన బోల్టు మీద ఒక నట్టు పెట్టి లోపల వెల్డింగు చేయించడమే ఉత్తమం. పట్టు దొరకడమే కాక ఆ వేడికి తుప్పు కూడా విడుతుంది. వెల్డింగు చల్లబడ్డాక నిదానంగా ముందుకూ వెనక్కూ తిప్పాలి. విరిగిన బోల్టును తిప్పి తీసే ఈజీ అవుట్ అనే పనిముట్టు లోపల విరిగితే, అది డ్రిల్లుకు లొంగని గట్టి ఉక్కు కనుక, సన్నని బోల్టులకు దానిని వాడకపోవడమే క్షేమం.

తిరిగి బిగించేటప్పుడు

షాఫ్టు టేపరును, హబ్బు రంధ్రాన్ని సన్నని ఎమరీతో శుభ్రం చేసి, కీ గాడి మూలల్లో పగుళ్లు ఉన్నాయేమో భూతద్దంతో చూడాలి. టేపరు మీద మార్కరుతో గీతలు గీసి హబ్బును చేత్తో ఎక్కించి కొద్దిగా తిప్పి తీస్తే, గీతలు ఎక్కడ చెరిగాయో దానిని బట్టి ఎంత మేర ఆనుతోందో తెలుస్తుంది. ఒక అంచునే ఆనుతూ ఉంటే ఆ జత మళ్లీ నడపడానికి పనికిరాదు. టేపరుకు గ్రీజు గాని నూనె గాని రాయకుండా పొడిగా ఎక్కించాలి. మాన్యువల్లో చెప్పిన టార్కుకు (బిగింపు బలానికి) నట్టు బిగించాక పిన్ను రంధ్రం కలవకపోతే, రంధ్రం వచ్చేదాకా ఇంకా బిగించాలే గాని వెనక్కి తిప్పకూడదు. మొదటి 50 కిలోమీటర్లు నడిపాక పిన్ను తీసి నట్టు టార్కు మళ్లీ చూడాలి. హబ్బు టేపరు మీద ఇంకొంచెం లోపలికి కూర్చుని ఉంటే నట్టు తప్పకుండా కొంత తిరుగుతుంది. అలా తిరిగితే మరో 50 కిలోమీటర్ల తరువాత ఇంకొకసారి చూడాలి. చూసిన ప్రతిసారీ కొత్త పిన్ను గుచ్చి వంచాలి.