కాలనీ కెమెరాలు, 5వ పాఠం: రాత్రిపూట నంబరు ప్లేటు

ఈ పాఠంలో హార్డ్‌డిస్కు లెక్క మొదలుపెట్టాలి. దాన్ని తర్వాతి పాఠానికి జరపక తప్పడం లేదు. పోయినసారి ఇచ్చిన అభ్యాసంలో మీరు పంపిన పగటి ఫోటోలు దాదాపు అన్నీ బాగున్నాయి. రాత్రివి మాత్రం ఒకే తీరుగా పాడయ్యాయి. బండి కనిపిస్తోంది, నడిపే మనిషి కనిపిస్తున్నాడు, నంబరు ఉండాల్సిన చోట తెల్లటి పలక మెరుస్తోంది. 8 మెగాపిక్సెల్ కెమెరా కొనమంటారా అని చాలామంది అడిగారు. వద్దు. దాంట్లోనూ ఇదే తెల్లదనం వస్తుంది. తప్పు పిక్సెళ్లది కాదు, ఎక్స్‌పోజర్‌ది, అంటే కెమెరా లోపలికి తీసుకునే వెలుగుది.

జరుగుతున్నది ఇదీ. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లన్నిటికీ వస్తున్న హై సెక్యూరిటీ ప్లేటు మీద కాంతిని వచ్చిన దారినే తిప్పి పంపే పొర ఉంటుంది. కెమెరా వేసే ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్, కంటికి కనిపించని) వెలుగు ప్లేటు నుంచి నేరుగా కెమెరాకే తిరిగొస్తుంది. చుట్టూ రోడ్డు, గోడలు, చెట్లు చీకటి. ఆటో మోడ్‌లో ఉన్న కెమెరా మొత్తం ఫ్రేము సగటు చూసి "వెలుగు చాలదు" అనుకుంటుంది, షట్టర్‌ను (వెలుగును లోపలికి వదిలే తలుపు లాంటిది) సెకనులో 25వ వంతు సేపు తెరిచి ఉంచుతుంది. రోడ్డు కనిపిస్తుంది, ప్లేటు మాడిపోతుంది. అలా మాడిన చోట అక్షరాల సమాచారమే రికార్డు కాదు. తర్వాత పోలీస్ స్టేషన్‌లో గానీ, ల్యాబులో గానీ ఏ సాఫ్ట్‌వేరుతోనూ దాన్ని రాబట్టలేరు.

దీనికి తోడు మసక. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనులో 25వ వంతులో 33 సెంటీమీటర్లు కదులుతుంది. కారు ప్లేటు మీద అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు, గీత మందం 10 మిల్లీమీటర్లు. అంటే గీత మందానికి ముప్పై రెట్లకు పైగా కదలిక. షట్టర్ 1/500కి (సెకనులో 500వ వంతుకి) తెస్తే ఆ కదలిక 1.7 సెంటీమీటర్లు, 1/1000కి తెస్తే 8 మిల్లీమీటర్లు. బండి కెమెరాకు ఎదురుగా వస్తున్నా, నేరుగా దూరం పోతున్నా ఫ్రేములో అడ్డంగా కదిలేది ఇంకా తక్కువ. అందుకే ప్లేటు కెమెరాను రోడ్డుకు అడ్డంగా చూపించకండి. బండి పోయే దిశకూ కెమెరా చూపుకూ మధ్య కోణం 30 డిగ్రీలు దాటకూడదు.

స్పీడ్ బ్రేకర్ ఉన్న కాలనీకి పని సగం తగ్గుతుంది. దాని మీద బండి గంటకు 10 కిలోమీటర్లకు పడిపోతుంది, 1/500లో కదిలేది 6 మిల్లీమీటర్ల లోపే. గేటు దగ్గర బ్రేకర్ ఉంటే వేరే చోటు వెతక్కండి, ఫ్రేము మధ్యలోకి దాన్నే తెచ్చుకోండి.

ఇక సెట్టింగులు. కెమెరా వెబ్ పేజీలో ఇమేజ్ విభాగంలోకి వెళ్లి రాత్రికి వేరే ప్రొఫైల్ తయారు చేయండి. షట్టర్ మాన్యువల్, 1/500. గెయిన్ (చీకట్లో చిత్రం వెలుగును పెంచి చూపే అమరిక) పరిమితి సగానికి. డబ్ల్యూడీఆర్ (వెలుగునీడలను సమం చేసే అమరిక) ఆఫ్, ఎందుకంటే అది వేర్వేరు ఎక్స్‌పోజర్లను కలిపి ఒక ఫ్రేము చేస్తుంది, కదిలే అక్షరం జంటగా పడుతుంది. త్రీడీ నాయిస్ రిడక్షన్ (చిత్రంలో చుక్కలు తగ్గించే అమరిక) బాగా తగ్గించండి, అది వరుస ఫ్రేముల సగటు తీసి కదిలేవాటి వెనక తోక మిగులుస్తుంది. రాత్రంతా బ్లాక్ అండ్ వైట్‌లోనే ఉంచండి. ప్లేటు ఇంకా తెల్లగానే ఉంటే ముందు గెయిన్ తగ్గించండి, ఆ తర్వాతే షట్టర్‌ను 1/1000కి తీసుకెళ్లండి.

ఇప్పుడు తెర దాదాపు నల్లగా ఉంటుంది. నల్లటి తెర, అందులో ఒక ప్లేటు, ఒక హెడ్‌లైటు లేదా టెయిల్‌లైటు. అలాగే ఉండాలి. పని బాగా చేసిన కాలనీల్లో కూడా చెడిపోయేది ఇక్కడే. కమిటీలో ఎవరో ఫోన్‌లో చూసి "ఈ కెమెరా పోయింది" అంటారు, టెక్నీషియన్ వచ్చి ఆటో మోడ్‌లో పెట్టి వెళ్తాడు, రోడ్డు చక్కగా కనిపిస్తుంది, అందరూ సంతోషిస్తారు. చైన్ స్నాచింగ్ జరిగిన రోజు చూస్తే నంబరు ఉండదు. గొలుసు పోయిన ఆవిడకు రోడ్డు ఎంత స్పష్టంగా కనిపించినా ఏం లాభం? అందుకని కెమెరా పేరునే "ప్లేటు - రాత్రి చీకటి సరైనదే" అని మార్చండి. ఆ పేరు తెర మీద ఎప్పుడూ కనిపించాలి. సెట్టింగుల పాస్‌వర్డు ఇద్దరి దగ్గరే ఉంచండి.

ఒక కెమెరాకు ఒకే పని. రోడ్డు మొత్తం చూసేది వేరు, ముఖం చూసేది వేరు, ప్లేటు చూసేది వేరు. మూడూ ఒకదాంతో అవ్వాలని చూస్తే మూడూ పోతాయి. డబ్బు రెండు కెమెరాలకే ఉంటే నేనైతే రోడ్డు మొత్తం చూసేదాన్ని వదిలేసి ముఖం, ప్లేటు పెడతాను.

ప్లేటు కెమెరా లెక్క: ముఖానికి, ఫ్రేములో పడే ప్రతి మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు చాలు అని ఇంతకుముందు అనుకున్నాం. బైకు నంబరు అక్షరాలు కారు అక్షరాలకన్నా చాలా చిన్నవి కాబట్టి 400 పెట్టుకోండి. 4 మెగాపిక్సెల్ కెమెరా ఫ్రేము వెడల్పు 2560 పిక్సెళ్లు. 2560ని 400తో భాగిస్తే 6.4 మీటర్లు. 20 అడుగుల రోడ్డు సరిగ్గా పడుతుంది. 12 మి.మీ. లెన్సులో ఫ్రేములో పడే వెడల్పు దూరానికి దాదాపు 0.4 వంతు కాబట్టి కెమెరా నుంచి 16 మీటర్ల దగ్గర ఆ 6.4 వస్తుంది. 2.8 మి.మీ. లెన్సుతో ఇది కుదరదు, బండి నాలుగు మీటర్ల లోపుకి రావాలి.

నా మొగ్గు ఎప్పుడూ వెనక ప్లేటు వైపే, అంటే కాలనీ విడిచి పోయే బండి వీపు వైపు. హెడ్‌లైటు కళ్లు చెదరగొట్టదు, టెయిల్‌లైటు వెలుగు తక్కువ. బైకు ముందు ప్లేటు అక్షరాలు మరీ చిన్నవి, మడ్‌గార్డుతో పాటు వంగి ఉంటాయి కూడా. దొంగ వచ్చేటప్పుడు ఏ దారిన వచ్చినా, పారిపోయేటప్పుడు మీ గేటు దాటక తప్పదు.

ముఖం కెమెరా ఎత్తు గురించి మళ్లీ ఒక్క మాట: 2.5 నుంచి 3 మీటర్లు. పదిహేను అడుగుల మీద బిగించినవాళ్లకు నాలుగు మీటర్ల దూరంలోని మనిషి టోపీ, నడినెత్తి తప్ప ఏమీ దొరకవు.

రాత్రి ఫుటేజీ చూసి బట్టల రంగు ఎవరికీ చెప్పకండి. ఐఆర్ వెలుగులో నల్లటి సింథటిక్ చొక్కా చాలాసార్లు తెల్లగా, లేత బూడిదగా పడుతుంది. "తెల్ల చొక్కావాడు" అని బీట్ కానిస్టేబుల్‌కు చెబితే ఆ రాత్రి తెల్ల చొక్కా వేసుకున్న అమాయకుణ్ణి ఆపుతారు. పొగమంచులా తెల్లగా కనిపిస్తే ఐఆర్ ముందు సాలెగూడు ఉందేమో చూడండి.

వీధి దీపం స్తంభం నుంచి కరెంటు తీసుకున్నవాళ్లు: చాలాచోట్ల ఆ లైను సాయంత్రం ఆన్ అయి పొద్దున ఆగిపోతుంది. పగలు మీ కెమెరా చచ్చి ఉంటుంది. ఎప్పుడూ కరెంటుండే ఫేజు, చిన్న యూపీఎస్ కావాలి.

గడియారం. కొన్ని రికార్డర్లు పెట్టెలోంచి తీసినప్పుడు యూటీసీ+8లో (ప్రపంచ ప్రామాణిక సమయానికి 8 గంటలు ముందు) ఉంటాయి, అంటే మన టైముకన్నా రెండున్నర గంటలు ముందుకు. +5:30కి మార్చి ఎన్‌టీపీ (నెట్ నుంచి టైము సరిచేసుకునే అమరిక) ఆన్ చేయండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఫుటేజీతో పాటు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే గుర్తు) ఉన్న ధృవపత్రం ఇవ్వాలి. అందులో టైము తేడా వివరించాల్సి వస్తే కేసు అక్కడే బలహీనపడుతుంది. వందమంది కూడే చోట్లకు 2013 ఆంధ్రప్రదేశ్ ప్రజాభద్రత చట్టం పెట్టిన 30 రోజుల నిల్వ నియమం, దాని డిస్కు లెక్క వచ్చే పాఠంలో.

అభ్యాసం కాస్త కష్టమే, అయినా వదలకండి. రాత్రి పదిన్నర తర్వాత ఒక కారు, ఒక బైకు గేటు గుండా 10, 20, 30 కిలోమీటర్ల వేగంతో పోనివ్వండి. ప్రతి వేగానికీ 1/250, 1/500, 1/1000 మూడూ పెట్టి చూడండి. అంటే పద్దెనిమిది క్లిప్పులు. ఫోన్ యాప్‌లో కాదు, రికార్డరు నుంచి ఎగుమతి చేసిన ఫైల్లోనే ఆపి నంబరు చదవండి. ఆ బండి ఎవరిదో తెలియని మనిషికి చూపించండి. అతను రాసిన నంబరు సరిపోతేనే చదవగలిగినట్టు లెక్క. వచ్చిన పట్టికను రికార్డరు పక్కన గోడకు అంటించండి.